సాదా చిప్స్ అడిగినవాడు లోకువ

ఉప్పు మాత్రమే వేసిన బంగాళాదుంప చిప్స్ తినేవాళ్ళు ఈ రాష్ట్రంలో ఇంకా కొందరు బతికే ఉన్నారని సంబంధిత అధికారుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం. మేం రిజర్వేషన్ అడగడం లేదు. కార్పొరేషన్ పెట్టమని, దానికో ఛైర్మన్‌ని వెయ్యమని కూడా అనడం లేదు. కొట్టు గుమ్మానికి వేలాడే చిప్స్ దండల్లో ఒక్క దండ మాకోసం కట్టించండి, చాలు.

మొన్న మా వీధి చివర కొట్లో సాదా చిప్స్ ఉన్నాయా అని అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "సాదా ఎవరు తింటారు సార్? ఒంట్లో బాలేదా?" అన్నాడు. నిజమైన కన్సర్న్‌తోనే అన్నాడు, అదీ బాధ. వాడి నెత్తి మీద వేలాడుతున్నవి చూశాను. మసాలా ఉంది, డబుల్ మసాలా ఉంది, అమెరికా పేరు పెట్టుకున్న ఉల్లిపాయ ఉంది, స్పెయిన్ పేరు పెట్టుకున్న టమాటా ఉంది. మదనపల్లెలో అంత పెద్ద టమాటా మార్కెట్ పెట్టుకుని, ధర పడిపోయిన రోజున పంట రోడ్డు మీద పారబోసుకునే మనకి స్పెయిన్ నుంచి రుచి దిగుమతి! అది కూడా నిజంగా దిగుమతి కాదు, పేరు మాత్రమే.

ఉప్పు చిప్స్ పథ్యం తిండి అని ఎవరైనా అనుకుంటుంటే ఆ భ్రమ ఇక్కడే వదులుకోండి. ఏ చిప్స్ అయినా బరువులో దాదాపు మూడో వంతు నూనే. సాదా అయినంత మాత్రాన డాక్టరు మెచ్చుకోడు. మా గొడవ ఆరోగ్యం గురించి కాదు, మర్యాద గురించి. తింటున్నదేమిటో తినేవాడికి తెలియాలి కదా అన్నంతవరకే.

సాదా ప్యాకెట్ వెనక్కి తిప్పండి. బంగాళాదుంప, నూనె, ఉప్పు. అయిపోయింది. మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే "ఇంకేం వేస్తారురా?" అంటుంది. ఇప్పుడు మసాలా ప్యాకెట్ తిప్పండి. కళ్ళజోడు పెట్టుకోండి. ఫోన్ టార్చ్ కూడా వెయ్యండి, మెరిసే కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలు మరి. ఏ పదార్థం ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని చట్టం. ఆ వరసలో మసాలా అనే బ్రాకెట్ తెరిచీ తెరవగానే కొన్ని ప్యాకెట్లలో పంచదార పలకరిస్తుంది. మిరపకాయ ఎక్కడో వెనక బెంచీలో కూర్చుని ఉంటుంది.

సరే, ఇంత గొప్ప మసాలాని ఇంట్లోనే చేసుకుందామని ఆ జాబితాని చీటీ మీద ఎక్కించి కిరాణా కొట్టుకి వెళ్ళామనుకోండి. కొట్టాయన చీటీ అందుకుని పొడుగు చూస్తాడు. అంత పొడుగు చీటీ ఆయన ఎరిగినంతలో ఒక్కదానికే వస్తుంది.

"పూజ సామానా మాస్టారూ? వ్రతమా, హోమమా?"

"చిప్స్‌కండీ."

ఆయన నమ్మడు. అయినా బేరం పోగొట్టుకోడు కదా, చదవడం మొదలెడతాడు. పంచదార ఉంది. ఉప్పు ఉంది. పాలపొడి ఉంది. మాల్టోడెక్స్‌ట్రిన్ దగ్గర ఆగుతాడు. "ఇది మెడికల్ షాపులో అడగండి" అంటాడు. అది మందేం కాదు, మొక్కజొన్న పిండినో కర్రపెండలం పిండినో విరగ్గొట్టి చేసిన పొడి అనీ, దానికి చెప్పుకోదగ్గ రుచి ఉండదనీ, మిగతా పొడుల్ని మోయడమే దాని ఉద్యోగమనీ మనం వివరిస్తాం. "రుచి లేందాన్ని డబ్బులిచ్చి కొనడమేంటండీ?" అంటాడు. వ్యాపారంలో జుట్టు నెరిసినవాడు, అడగాల్సిందే అడిగాడు.

తరవాత 330, పేరుకి బదులు వేసిన అంకె. అది నిమ్మ ఉప్పు అని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోతుంది. సీసాలో ఉంది! తూచి పొట్లం కడతాడు. 551 దగ్గర మళ్ళీ చిక్కు. "551 లేదు మాస్టారూ, 501 బార్ సబ్బు ఉంది, ఇమ్మంటారా?" వద్దండీ, అది సిలికా, పొడి గడ్డకట్టకుండా వేస్తారు అంటే, వానాకాలంలో ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసుకోమని ఉచిత సలహా ఇస్తాడు. 627, 631 చదివి, "ఇవేమన్నా రైలు నంబర్లా?" అంటాడు. చీటీ చివరికొచ్చేసరికి ఉంటుంది అసలు సంగతి: సహజమైనవాటిని పోలిన ఫ్లేవర్లు.

"పోలినవేంటి? అంటే డూప్లికేటా?"

"అచ్చం అలాగే ఉంటుందండీ, కాకపోతే ఫ్యాక్టరీలో తయారవుతుంది."

ఆయన చీటీ మడిచి మన చేతిలో పెట్టేస్తాడు. "ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను మాస్టారూ. మా దగ్గర డూప్లికేటు సరుకు ఉండదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల వెనకాల అవే చిప్స్ దండలు గాలికి ఊగుతూ ఉంటాయి.

ఈ పొడులన్నీ విషమని నేననడం లేదు. ఆ పని వాట్సాప్‌లో మా బాబాయిగారు పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీతో పాటు చేసేస్తున్నారు. అవన్నీ చట్టం ఒప్పుకున్నవే. 627, 631 అనే పొడులు విడిగా పెద్దగా చేసేదేం లేదు, గ్లూటమేట్‌తో (అజినోమోటోలో ఉండేది అదే) కలిస్తే మాత్రం రుచిని ఎన్నో రెట్లు పెంచుతాయి. గుప్పెడు తిన్నాక కూడా చెయ్యి ప్యాకెట్‌లోకే పోతుంటే అది మన బలహీనత మాత్రమే కాదు, ఎవరో జీతం తీసుకుని చేసిన పని కూడా.

లోకం ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు ఇంగ్లండులో చిప్స్ ప్యాకెట్‌లో ఉప్పు కూడా విడిగా, చిన్న నీలం కాగితం పొట్లంలో వేసి ఇచ్చేవారు. ఎంత కావాలో తినేవాడే చల్లుకునేవాడు. ఆ నమ్మకం చూడండి! 1954లో ఐర్లండులోని డబ్లిన్‌లో టేటో అనే చిప్స్ కంపెనీ పెట్టిన జో మర్ఫీ చీజు, ఉల్లిపాయ రుచి పట్టించి అమ్మడం మొదలుపెట్టాక ఆ మర్యాద పోయింది. ఆయన్ని పెద్దగా తిట్టను. చీజు అన్నాడు, ఉల్లిపాయ అన్నాడు, అవేమిటో అందరికీ తెలుసు. "మ్యాజిక్" అనీ "టాంగో" అనీ ఇప్పటి ప్యాకెట్లలా అనలేదు పాపం.

దుంప సంగతి చూస్తే ఇంకా విడ్డూరం. దుంపలో తీపి ఎక్కువుంటే నూనెలో పడగానే ముక్క నల్లబడి చేదెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలతో ఇంట్లో వేయించి చూసినవాళ్ళకి ఇది తెలుసు. అందుకని సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తీపి తక్కువ, నీరు తక్కువ ఉండే రకాల కోసం ఏళ్ళ తరబడి కష్టపడి 1998లో కుఫ్రి చిప్సోనా రకాలు విడుదల చేశారు. దుంపలో తీపి తగ్గించడానికి ఒక జీవితకాలం చదువు. తీరా ఫ్యాక్టరీలో వేయించాక దాని మీద పంచదార జల్లుతారు.

చిప్స్ దుంప ఎంత అపురూపమైనదో గుజరాత్ రైతుల్ని అడగండి. 2019లో సాబర్‌కాంఠా వైపు చిన్న రైతుల మీద లేస్ చిప్స్ అమ్మే పెప్సీకో కోర్టుకెక్కింది. మా పేరున రిజిస్టరైన రకాన్ని మమ్మల్ని అడక్కుండా పండించారని. నలుగురి దగ్గర తలా కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం కోరింది. కోటి! ఎకరాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే రైతు దగ్గర! బ్రాండు పేరుతో విత్తనం అమ్మనంతవరకు, పండిన పంటని దాచుకోవడం, మళ్ళీ విత్తుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కని 2001 నాటి చట్టంలో రాసి ఉంది. దేశమంతా దుమ్మెత్తిపోస్తే గానీ కేసులు వెనక్కి తీసుకోలేదు.

అయ్యా, అంత ప్రాణప్రదమైన దుంపే అయితే దాని రుచి నాకు చూపించడానికి సిగ్గెందుకు? రైతు పొలంలో ఉంటే అది మీ మేధోసంపత్తి. రైతు తాకితే కోటి. నా చేతికొచ్చేసరికి అది పంచదార, పాలపొడి, అంకెలు మోసుకొచ్చే తట్ట. దుంప ఏ రకమో, ఎక్కడ పండిందో, ఎవరు పండించారో ప్యాకెట్ మీద ఒక్క ముక్క ఉండదు. సినిమా స్టార్ మొహానికి మాత్రం చోటుంటుంది. సాదా చిప్స్‌లో దాక్కోడానికి చోటు లేదు. నూనె పాతబడితే తెలిసిపోతుంది, దుంప బాలేకపోతే తెలిసిపోతుంది. కొట్టు గుమ్మానికి అది కనబడకుండా పోవడానికి ఎవరూ తినకపోవడమే కారణమంటే నేను నమ్మను.

ఇక మిగిలింది మా ఊరి బస్టాండు దగ్గర హాట్ చిప్స్ కొట్టు. అక్కడ కోతబల్ల బాండీ మీదే పెట్టి దుంపని రాస్తాడు, ముక్కలు తిన్నగా నూనెలో పడతాయి. బుడగలు తగ్గుతున్నప్పుడు ఉప్పునీళ్ళు ఒక్క విసురు విసురుతాడు, బాండీ బుస్సుమంటుంది, జల్లిగరిటతో తీసి బుట్టలో పోస్తాడు. మసాలా లేదు, అంకెలు లేవు. నిన్న సాయంత్రం ఆ ధీమాతోనే వెళ్ళాను. పావుకిలో తూచి, పొట్లం కట్టబోతూ బల్ల కింద నుంచి ఎర్రటి ప్లాస్టిక్ డబ్బా తీశాడు.

"పెరి పెరి మసాలా వేశాను సార్, ఇప్పుడంతా ఇదే అడుగుతున్నారు."

సాదా కావాలన్నాను. బుట్టలో ఉన్నవన్నీ కలిపేశాడట, ఇంకో వాయి దిగాలి, పావుగంట పడుతుందన్నాడు. పడనీ అని స్టూలు లాక్కుని కూర్చున్నాను, డబ్బా మూత పెట్టేదాకా అతని చెయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా.