కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోదు
ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే కూలింగ్ ప్యాడ్, అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల స్టాండ్, కొంటే చాలని ఒక ఆర్టికల్‌లో రాశారు, ఆ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోలేను. నేనూ అదే నమ్మి కొన్నా, మూడు నాలుగు డిగ్రీలు తగ్గిందంతే, వీడియో కాల్ మధ్యలో టప్పున ఆగిపోవడం మాత్రం మానలేదు. టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ఏ పనీ చేయకుండానే 75 డిగ్రీలు, కాస్త పని పెడితే 100కి పోతోంది, చాలా ప్రాసెసర్లకి దాదాపు అదే హద్దు, ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి దిగకపోతే చిప్ పాడవకుండా సిస్టమ్ ఆగిపోతుంది. చివరికి కింది మూత విప్పితే ఫ్యాన్‌కీ, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది, గాలి బయటికి పోయే దారే లేదు, ఇంక కింద నుంచి ప్యాడ్ ఎంత ఊదితే ఏం లాభం చెప్పండి. దుమ్ము తీసి, చిప్ వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే అది తుడిచి కొత్తది పెట్టాక అదే పనికి 80 దాటట్లేదు, మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. మీరే చేసుకునేట్టయితే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయండి, దుమ్ము పోయేలా గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది. విప్పడం భయమైతే విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టి చూడండి, మామూలుగా టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు స్పీడ్, ఆగి వేడి తగ్గుతుంది, దుమ్ము తీయించే దాకా పని నడుస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో అనుకోవాలి, ఇవేవీ చేయకుండా వెంటనే వాడకం ఆపేసి రిపేర్ వాళ్ళకి చూపించండి.