స్క్రిప్టు చదవని సిద్ధాంతులు

"ఒరిజినల్ స్క్రీన్‌ప్లే లాక్ అయిపోయింది." ఏటా డిసెంబరు రాగానే, ఆస్కార్ విజేతలెవరో ముందే చెప్పే సిద్ధాంతులు జపించే మంత్రమిది. అంటే ఆ విభాగంలో విజేత ఖాయమని. నామినేషన్లు రాలేదు, ఓటింగ్ మొదలవలేదు, కొన్ని సినిమాలైతే ఇంకా థియేటర్ మొహమే చూడలేదు. అయినా తాళం పడిపోయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే మనం అజ్ఞానులం.

ఈ శాస్త్రానికి మొదటి నియమం, స్క్రిప్టు చదవకూడదు. ఓట్ల వేటలో స్టూడియోలే దాన్ని పీడీఎఫ్ చేసి ఉచితంగా పెడతాయి. తెరిచారో, చెడ్డారు. పదో పేజీకల్లా సొంత అభిప్రాయం మొలుస్తుంది. సొంత అభిప్రాయం ఉన్నవాడు జోస్యానికి పనికిరాడు.

కావలసింది పట్టిక. రైటర్స్ గిల్డ్ (అమెరికా రచయితల సంఘం), బాఫ్టా, గోల్డెన్ గ్లోబ్, యూఎస్‌సీ స్క్రిప్టర్ అని, ఆస్కార్‌కి ముందొచ్చే బహుమతులకు నాలుగు గళ్లు గీయాలి. గ్లోబ్‌లో ఒరిజినల్‌కీ (సొంత కథ) అడాప్టెడ్‌కీ (ఉన్న రచనకు అనుసరణ) కలిపి ఒకటే బహుమతి. స్క్రిప్టర్ అడాప్టెడ్‌కి మాత్రమే. ఫరవాలేదు, అన్నీ కలిపి కూడెయ్యండి. ఒకే పేరు వస్తే లాక్, రెండొస్తే గట్టి పోటీ, మూడొస్తే "ఆశ్చర్యాలకు ఆస్కారం ఉంది".

సిద్ధాంతులు బొక్కబోర్లా పడేది గిల్డ్ గడి దగ్గరే. గిల్డ్ ఒప్పందాల పరిధిలో రాసిన స్క్రిప్టులకే అక్కడ ప్రవేశం. దర్శక రచయిత టరాంటినో గిల్డ్ సభ్యుడు కాడు కనుక 'జాంగో అన్‌చెయిన్డ్' ఆ పోటీలోనే లేదు. గిల్డ్ బహుమతి 'జీరో డార్క్ థర్టీ'కి వెళ్లింది, 2013 ఆస్కార్ జాంగోకి వచ్చింది. 'బర్డ్‌మన్', 'ది ఫాదర్', 'బెల్‌ఫాస్ట్', 'కాన్‌క్లేవ్' కూడా గిల్డ్ గుమ్మం తొక్కకుండానే ఆస్కార్ పట్టుకుపోయాయి. అంటే గిల్డ్‌లో ఎవరు గెలిచారో చూసేముందు ఎవరు అసలు బరిలోనే లేరో చూడాలి. అయిదు నిమిషాల పని. అందుకే ఎవరూ చెయ్యరు.

విభాగమైనా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. 'మూన్‌లైట్' గిల్డ్‌లో ఒరిజినల్‌గా గెలిచి, ఆస్కార్‌కి వచ్చేసరికి అడాప్టెడ్ అయి మళ్లీ గెలిచింది. మూలం ఒక నాటకం, అదీ ఎన్నడూ రంగస్థలం ఎక్కనిది. 'నైవ్స్ అవుట్' ఒరిజినల్, అదే డిటెక్టివ్ తిరిగొచ్చిన 'గ్లాస్ ఆనియన్' అడాప్టెడ్. పాత పాత్ర మళ్లీ కనిపిస్తే, ఆస్కార్ ఇచ్చే అకాడమీ లెక్కలో అది అనుసరణే.

ఈ సిద్ధాంతులు 1985లో లేకపోవడం మాత్రం తీరని లోటు. తాను రాసిన టార్జాన్ సినిమా 'గ్రేస్టోక్' తన చేయి దాటిపోయిందని ఒళ్లు మండిన రచయిత రాబర్ట్ టౌన్, తన పేరు తీయించి తన కుక్క పేరు వేయించాడు. అలా పి.హెచ్. వాజాక్, మైఖేల్ ఆస్టిన్‌తో కలిసి అడాప్టెడ్ స్క్రీన్‌ప్లేకి నామినేట్ అయింది. మనవాళ్ల విశ్లేషణ వినండి: "వాజాక్‌కి ఇది తొలి నామినేషన్, సానుభూతి బలంగా ఉంది. సీజనంతా ఒక్క ఇంటర్వ్యూలోనూ నోరు జారలేదు. ప్రచార విందులన్నిటికీ హాజరై, ప్రతి ఓటరు చెయ్యీ స్వయంగా నాకింది. ఒక వేదిక మీద సహరచయితను చూసి గుర్రుమందన్న పుకారు ఆఖరి వారంలో దెబ్బ కొట్టవచ్చు. అయినా లాక్." ఆ రాత్రి గెలిచింది 'అమెడియస్'. వాజాక్ ఓటమిని హుందాగా స్వీకరించి ఉంటుంది. సిద్ధాంతులకు ఆ మాత్రం శిక్షణ కూడా లేదు.

ఇక ఓటర్లు. అయిదు నామినేషన్లను ఎంచేది రచయితల బ్రాంచి. గెలిపించేది మాత్రం నటులు, మేకప్ నిపుణులు, ప్రచారకర్తలతో సహా మొత్తం అకాడమీ. బెస్ట్ పిక్చర్‌కైతే ర్యాంకుల లెక్క, ఇక్కడ ఎవరికెక్కువ ఓట్లొస్తే వారిదే. తాము ముచ్చటపడినా పెద్ద బహుమతి దక్కదనిపించిన సినిమాకి ఓదార్పుగా స్క్రీన్‌ప్లే చేతిలో పెడతారు. పోనీ, సినిమాలైనా చూస్తారా? ఓటు వేసే విభాగంలోని సినిమాలన్నీ చూసితీరాలని అకాడమీ 2025లో నిబంధన పెట్టింది. 97 ఉత్సవాలు అయిపోయాక!

1957లో 'ది బ్రేవ్ వన్' కథకు ఆస్కార్ ఇస్తూ రాబర్ట్ రిచ్ అని పిలిస్తే, ఆ పేరుగల రచయితే లేడు. రాసింది కమ్యూనిస్టు ముద్రతో హాలీవుడ్ వెలివేసిన బ్లాక్‌లిస్టులో ఉన్న డాల్టన్ ట్రంబో. ఆ ప్రతిమ ఆయన చేతికి అందింది 1975లో. 2023లో రచయితలు 148 రోజులు సమ్మె చేశారు, బతకడానికి సరిపడా కూలి కోసం, తమ పనిని యంత్రం మింగెయ్యకుండా ఉండడం కోసం. దాంతో గిల్డ్ అవార్డులు 2024 ఏప్రిల్‌లో, అంటే ఆస్కార్ అయిపోయాక, జరిగాయి. అప్పుడు సిద్ధాంతుల బెంగ ఏమిటి? గడి ఖాళీగా ఉందని! సిగ్గులేదూ? ఒకడు ఏళ్లతరబడి రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన పేజీలవి. అందులో ఒక్క సన్నివేశం ఎందుకు నిలబడిందో చెప్పమంటే నోరు పెగలదు, అది గెలుస్తుందో లేదో మాత్రం దశాంశాల్లో చెబుతారు!

సరే. ఉత్సవం ముగిసిన మర్నాడే వచ్చే ఏడాది పట్టిక వచ్చేస్తుంది. అందులో మూడో పేరు చూడండి. పాపం, ఆ రచయితకు ఇంకా ముగింపు తోచలేదు. ఇక్కడ లాక్ అయిపోయింది.