హ్యూమిడిఫయర్‌లో మాత్రం నూనె వేయకండి

ఇంట్లో సువాసన నూనెలు వాడటం మీద మీరు రాసిన వ్యాసం ఉపయోగకరంగా ఉంది. కానీ డిఫ్యూజర్ (సువాసనను గాలిలోకి వెదజల్లే పరికరం) లేనివాళ్లు హ్యూమిడిఫయర్ (గది గాలికి తేమ పట్టించే పరికరం) నీళ్లలోనే నాలుగు చుక్కలు ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసే సువాసన నూనె) వేసుకోవచ్చన్న సలహా సరికాదు. నిమ్మ, నారింజ నూనెల్లో ఎక్కువగా ఉండే లిమొనీన్ అనే పదార్థం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెల్లగా పాడుచేస్తుంది. నూనె కోసం తయారుచేయని ట్యాంకు జిగటగా మారి, సన్నటి పగుళ్లు రావచ్చు.

అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్ (కంపనంతో నీటిని తుంపరగా మార్చేది) కొంటే 100 మి.లీ. నీళ్లకు 3 నుంచి 5 చుక్కలు చాలు. అరగంట నడిపి ఆపేయండి. కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది, వాసనే రావట్లేదనుకుని చాలామంది ఇంకా చుక్కలు వేస్తూ పోతారు. ఒకసారి గదిలోంచి బయటికెళ్లి మళ్లీ లోపలికి వస్తే ఎంత ఘాటుగా ఉందో తెలుస్తుంది. ట్యాంకు అడుగున చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది, నీటి తుంపర వచ్చేది దాని కంపనం వల్లే. దాని మీద జిడ్డు పేరుకుంటే తుంపర పల్చబడుతుంది. స్విచ్ తీసేసి, దూదికి కాస్త స్పిరిట్ అద్ది మెత్తగా తుడవండి, గీకొద్దు.

చిన్న గదికైతే నా ఓటు మెరుగు పూయని మట్టి బిళ్లకే. రెండు చుక్కలు పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, కరెంటు అక్కర్లేదు, మంట భయం లేదు. కొవ్వొత్తి మీద పెట్టే గిన్నెలో నీళ్లు ఇంకిపోతే నూనె మాడుతుంది, పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

వ్యాసంలో పిల్లుల గురించి ఒక్క మాటా లేదు, దయచేసి చేర్చండి. ఈ నూనెల్లోని చాలా పదార్థాలను వాటి కాలేయం మనలాగా విరిచి బయటికి పంపలేదు. టీ ట్రీ నూనె మరీ ప్రమాదం. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ముందు డాక్టర్‌ను అడగండి.