‘తక్కువ తిరిగిన బండి’ని నమ్మొచ్చా?

పాత కారు బేరం జరిగే చోట తరచూ వినపడే మాట, ‘తక్కువ తిరిగిన బండండీ’. ఇంజను చూస్తాం, ఏసీ చూస్తాం, మీటరు మీద కిలోమీటర్లు తక్కువుంటే మనసు కుదుటపడుతుంది. టైర్ల విషయంలో ఆ మాటే ముంచుతుందని కావలిలో మా బావ కారు చూశాక అర్థమైంది.

ఆ కారు వారానికోసారి బజారుకి వెళ్లొచ్చేది. మిగతా రోజులన్నీ ఇంటి ముందు ఎండలోనే. టైర్ల గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఒంగోలు బయలుదేరే ముందు గాలి పట్టిద్దామని ఆగితే, పంక్చర్ షాపతను గొంతుక్కూర్చుని టైరు పక్కన దుమ్ము బొటనవేలితో తుడిచి నాలుగంకెలు చూపించాడు: 1114. అంటే 2014లో 11వ వారం తయారైన టైరు. వేలితో గట్టిగా నొక్కితే వెంట్రుకల్లాంటి పగుళ్లు విచ్చుకున్నాయి. ‘అరగలేదు సార్, ఎండిపోయింది’ అన్నాడు.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలని చాలామందికి తెలుసు. వయసు సంగతే పట్టదు. వాడినా వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. చాలా టైరు కంపెనీలు పదేళ్లకు మించి వాడొద్దంటాయి. పైగా గాలి తక్కువుంటే టైరు పక్కభాగం నలుగుతూ వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ వేడికి రోడ్డు వేడీ తోడవుతుంది. అలాంటప్పుడు ముదిరిన టైరు పేలితే బండి చేతిలో ఉండదు.

టైర్లతో పాటు చూడాల్సింది స్టీరింగ్ ప్లే, అంటే చక్రాలు కదలకుండానే స్టీరింగ్ వట్టిగా తిరిగే మేర. అది మాత్రం రోజూ నడిపేవాళ్లకే తెలియదు. కొంచెం కొంచెంగా పెరుగుతుంటే చేయి అలవాటుపడిపోతుంది. అందుకే ఏడాదికోసారైనా ఇంకొకరి చేత నడిపించి చూడాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 30 డిగ్రీల ప్లే వరకు అనుమతి ఉంది. మామూలు కారు స్టీరింగ్ అంచు మీద అది దాదాపు 10 సెంటీమీటర్లు, బెత్తెడు పైమాటే! గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆ వేగంలో బెత్తెడు ప్లే నా దృష్టిలో ప్రమాదమే. ప్లే నిబంధనల హద్దులోనే ఉంది, రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయింది కదా అని ధైర్యపడొద్దు.

పవర్ స్టీరింగ్ బండైతే ఇంజను ఆన్‌లో ఉంచి, చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు బయట పక్కగా నిలబడి ముందు చక్రాన్ని చూడాలి. స్టీరింగ్ అంచు 3 సెంటీమీటర్లు కదిలినా చక్రం కదలకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు, టై రాడ్ ఎండ్, లూజై ఉండొచ్చు. అది మార్చకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు, కొత్త టైర్లు కూడా ఓ పక్క అరిగిపోతాయి.

మా బావ ఆ రోజు ప్రయాణం మానుకుని నాలుగు టైర్లూ మార్పించాడు. చివర్లో డిక్కీలోంచి స్టెప్నీ తీసి చూస్తే దాని మీదా 1114 అనే ఉంది.