కుడివైపు ఒంటి తలుపు గారికి

మహారాజశ్రీ పైపర్ చెరోకీ విమానపు కుడివైపు ఒంటి తలుపు గారి సముఖానికి, కావలి నుంచి అరవై ఎనిమిదేళ్ల పైలట్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్లు తప్ప తక్కినవన్నీ క్షేమం.

పాత చిన్న విమానం ఒకటి కొనుక్కుందామని బయలుదేరిన నాకు, అమ్మేవారందరూ వేగమెంతో, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో ఏకరువు పెట్టారే గాని, లోపలికి ఎలా ఎక్కాలి, ముఖ్యంగా ఎలా దిగాలి అన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. 1961 నుంచి మీరు అమలు చేస్తున్న ఆచారం ప్రకారం తలుపు కుడివైపు, పైలట్ సీటు ఎడమవైపు. మీ రెక్క కిందుగా ఉంటుంది గనుక, దాని వెనక మెట్టు మీద కాలు మోపి, గరుకు నల్లపట్టీ మీదుగా నడిచి, నడుం వంచి, పక్కసీటు దాటుకుని వెళ్లి కూర్చోవాలి. అందరికన్నా ముందెక్కి అందరికన్నా వెనక దిగే ఆ మర్యాద, ఆఖరి బంతిలో భోంచేసే ఆడపెళ్లివారికే తెలుసు. మొన్న క్లబ్బులో నా ఆపసోపాలు చూసి, అప్పటిదాకా సార్ అంటున్న ఒంగోలు కుర్రాడు 'మెల్లగా తాతా' అన్నాడు.

1956 నాటి సెస్నా 172 అనే మరో చిన్న విమానానికి రెండు వైపులా తలుపులున్నాయి, రెక్క నెత్తిన ఉంటుంది గనుక దాని మీదికి ఎక్కే పని లేదు. అయితే ట్యాంకులో పెట్రోలు కళ్లారా చూడాలంటే పైకెక్కాలి, ఏమరుపాటున నడిస్తే రెక్క వెనక అంచు నుదుట అడ్డబొట్టు పెడుతుంది. మీ ట్యాంకు మూత నిలబడే తీయవచ్చు, ఆ మేలు మరువను. కాని పెట్రోలులో నీరుందేమో చూడడానికి రెక్క కింద గొంతుక్కూర్చోవాలి, లేవడం నా పూచీ. పైగా ఏ రెక్కలోని ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో చెప్పే మీట కుడికో ఎడమకో తప్ప రెండింటికీ కలిపి తిరగదు; కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తులేని వాడికి అదొక పరీక్ష.

నా మనసు దోచింది సెస్నా 177 కార్డినల్. రెక్కకు ఊతకర్ర అడ్డం లేదు, తలుపులు రెండూ బార్లా తెరుచుకుంటాయి, అరుగు మీద కూర్చున్నంత సుళువు. దాని తయారీని 1978లోనే ఆపేశారు. నేను విమానం నడపడం నేర్చుకున్న హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వారి పుష్పక్ కూడా రెక్క పైనున్నదే. పురాణంలోని పుష్పకంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండేదట. మా దాంట్లో ఇద్దరికే, ఆ ఇద్దరూ సన్నవాళ్లయితేనే.

చివరికి దొరికేది మీరే గనుక, ఇంట్లో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, కుడి కుర్చీ మీదుగా ఎడమదాంట్లోకి దూరడం వారంగా సాధన చేస్తున్నాను. 'ఏందండీ, ఈ వయసులో కుర్చీలాటా?' అంది మా ఆవిడ. ప్రయాణికురాలి పాత్రకు ఒప్పించాను. ప్రస్తుతం కుడి కుర్చీలో కూర్చుని చేపల పులుసుకు చింతపండు గింజలు తీస్తోంది. ఆమె లేచేదాకా నేను దిగడానికి లేదు. చింతపండు ఇంకా సగానికి సగం అలాగే ఉంది.

ఇట్లు,
ఎడమ కుర్చీలోని పైలట్