65 దాటితే లైసెన్సు లాక్కోవాలా? ఆ మెసేజ్‌కి నా జవాబు

పది రోజులుగా అనంతపురంలో మా కాలనీ గ్రూపు, బంధువుల గ్రూపు, చివరికి చెనక్కాయల వ్యాపారుల గ్రూపు, ఏది తెరిచినా ఒకటే మెసేజ్. రోడ్డు ప్రమాదాలకు ముసలి డ్రైవర్లే కారణమట. మన దేశంలో ఒకసారి లైసెన్సు ఇస్తే చచ్చేదాకా ఎవరూ అడగరట. ముందుకెళ్లిన దేశాలన్నీ వయసు పరిమితి పెట్టేశాయట. అందుకని 65 దాటినవాళ్ల లైసెన్సులు రద్దు చేయాలట, లేదా ఏటా టెస్టు పెట్టాలట. వాళ్లకేం, ఆటోలున్నాయి, బస్సులున్నాయి, కొడుకులున్నారు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, 'అందరికీ పంపండి' అని.

నేను పంపలేదు. మా నాయనకు 71. టీవీఎస్ ఎక్సెల్ మీద రోజూ రాప్తాడు దగ్గరున్న తోటకు పోయొస్తాడు. కాబట్టి నేను ఎటువైపో ముందే తెలిసిపోతుంది. కానీ జవాబు రాద్దామని కూర్చుంటే అనుకున్నంత తేలిగ్గా రాలేదు. ఒకటి రెండు చోట్ల ఆ మెసేజ్ నాకే గుచ్చుకుంది.

తేలిగ్గా తప్పని చెప్పగలిగేది 'చచ్చేదాకా ఎవరూ అడగరు' అన్న మాట. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 2019లో సవరించారు. ఇప్పుడు సొంత బండి లైసెన్సు 30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 వచ్చేదాకా చెల్లుతుంది. 30కీ 50కీ మధ్య తీసుకుంటే పదేళ్లు. 50 నుంచి 55 లోపు అయితే 60 వచ్చేదాకా. 55 నిండాక ప్రతి ఐదేళ్లకూ రెన్యువల్ చేయించుకోవాల్సిందే. 40 నిండినవాళ్లు ఎవరైనా రెన్యువల్‌కి డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ జతచేయాలి. గడువు తీరి ఏడాది దాటిపోయిందా, మళ్లీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు టెస్టు ఇవ్వాలి. ఇవి కాక 16వ సెక్షన్ ఒకటుంది. జబ్బు వల్లో వైకల్యం వల్లో ఫలానా మనిషి బండి నడపలేడని నమ్మడానికి తగిన కారణం ఉంటే, లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనవచ్చు, లైసెన్సే రద్దు చేయవచ్చు. ఆ మనిషికి 30 ఏళ్లా 80 ఏళ్లా అని ఆ సెక్షన్ చూడదు.

అంటే కాగితం మీద అడుగుతూనే ఉన్నారు. నాకు గుచ్చుకున్నది ఆ 'కాగితం మీద' అన్న మాటే.

నిరుడు మా నాయనకు 70 నిండి లైసెన్సు గడువు తీరింది. ఫారం 1ఏలో ఏముంటుందో చాలామంది చదవరు, నేనూ అంతకుముందు చదవలేదు. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా? ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తున్నాయా? రేచీకటి ఉందా? హారన్ వినపడనంత చెవుడు ఉందా? మంచి ప్రశ్నలే. మేం పోయిన క్లినిక్‌లో డాక్టరు మా నాయన ముఖం వైపు ఒకసారి చూసి, డబ్బులు తీసుకుని, ప్రశ్నలన్నిటికీ గడగడా టిక్కులు పెట్టి సంతకం చేసిచ్చాడు. కంటి చార్టు గోడకే వేలాడుతోంది. బయటికొచ్చాక మా నాయనే అన్నాడు, "చూడకనే చూసినట్టు రాసిచ్చినాడు గదప్పా!" పనైపోయిందన్న సంతోషంలో నేను నవ్వి ఊరుకున్నా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

కాబట్టి ఆ మెసేజ్ రాసినాయనకు నేను చెప్పేది ఇదీ: కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న ఫారాన్ని నిజంగా నింపితే చాలు. 40 దాటిన ప్రతి మనిషినీ ఆ చార్టు ముందు నిలబెడితే శుక్లం వల్లో షుగరు వల్లో ఎవరి చూపు తగ్గిందో అక్కడే బయటపడుతుంది. అందులో 45 ఏళ్లవాళ్లూ దొరుకుతారు, 75 ఏళ్లవాళ్లూ దొరుకుతారు.

ఇక 'ముసలివాళ్లే కారణం' అన్నది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో 83 శాతానికి పైగా 18–60 ఏళ్ల మధ్యవాళ్లు. 60 దాటినవాళ్లు, 18 లోపు పిల్లలు, వయసు తెలియనివాళ్లు అందరూ కలిపి మిగతా 17 శాతంలోపే. అయితే ఇది చనిపోయినవాళ్ల లెక్క, బండి నడిపి తప్పు చేసినవాళ్ల లెక్క కాదు. దీన్ని చూపించి 'పెద్దవాళ్ల తప్పేం లేదు' అని నేనంటే నేనూ ఆ మెసేజ్ రాసినాయన లాగే మాట్లాడినట్టు. కానీ ఇంకో అంకె చూడండి: ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. (ఎఫ్ఐఆర్‌లో 'అతివేగం' అని రాసేయడం తేలికని తెలుసు, అయినా సరే.) మా నాయన ఎక్సెల్ వేగం చూస్తే వెనకొచ్చే ఆటోవాళ్లకు ఓపిక నశిస్తుంది.

గ్రూపులో ఒకాయన చిన్నటేకూరు గుర్తులేదా అని అడిగాడు. గుర్తుంది. 2025 అక్టోబరు 24న తెల్లవారకముందే, కర్నూలు శివార్లలో 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అంతకుముందే అదుపు తప్పి పడిపోయిన బైకు మీదికి ఆ బస్సు ఎక్కింది. ఆ బైకు నడిపింది ఒక యువకుడు, తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. ఇందులో 65 దాటిన డ్రైవరు ఎక్కడున్నాడో నాకైతే కనిపించలేదు. అదే గ్రూపులో పదో తరగతి పిల్లాడికి బైకు తాళం ఇచ్చే తండ్రులు కనీసం నలుగురున్నారు. పిల్లాడు దొరికితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలోనే ఉంది. దాని మీద మెసేజ్ ఎవరూ పంపరు.

అయినా వయసుతో పనే లేదని నేననను. అమెరికా లెక్కల్లో, నడిపిన మైళ్లతో పోల్చి చూస్తే, 75 దాటాక ప్రాణాలు పోయే ప్రమాదాల రేటు పెరుగుతుంది. అందులో కొంత ఎముకల బలహీనత వల్ల: పాతికేళ్లవాడు లేచి దులుపుకుని పోయే దెబ్బకు ఎనభై ఏళ్ల మనిషి ప్రాణం పోతుంది. చీకట్లో చూపు తగ్గడం, మెడ తిరగకపోవడం, మత్తు తెచ్చే మందులు, షుగరు పడిపోవడం, ఇవన్నీ నిజమే. మా రోడ్ల మీద రాత్రి ఎదురొచ్చే లారీల తెల్ల లైట్లకు నాకే కళ్లు చీకట్లు కమ్ముతాయి.

'ముందుకెళ్లిన దేశాలన్నీ' అన్నది మాత్రం పూర్తిగా గాలి మాట. బ్రిటన్‌లో 70కి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి, తర్వాత మూడేళ్లకోసారి. పైవయసు పరిమితి లేదు. అప్పటి రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్ 97 ఏళ్ల వయసులో, 2019 జనవరిలో కారు గుద్దాకే లైసెన్సు తిరిగిచ్చాడు, అదీ తనంతట తానే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 75 నుంచి ఏటా డాక్టరు పరీక్ష, 85 నుంచి రోడ్డు టెస్టు పెడితే, పక్కనే ఉన్న విక్టోరియా వయసును బట్టి ఏ టెస్టూ పెట్టలేదు.

అందరికంటే గట్టిగా పట్టుకున్నది జపాన్. 70 దాటితే క్లాసు, 75 దాటితే జ్ఞాపకశక్తి పరీక్ష. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురో దగ్గర 87 ఏళ్ల పెద్దాయన కారు దూసుకుపోయి ఒక తల్లి, ఆమె చిన్నబిడ్డ చనిపోయారు. దేశమంతా ఉడికిపోయింది. 2022 మే నుంచి 75 దాటి, కొన్ని రకాల తప్పులు చేసినవాళ్లకు నడిపి చూపించే టెస్టు కూడా పెట్టారు. ఇంత జరిగినా ఫలానా వయసు దాటితే నడపకూడదన్న గీత జపాన్ గీయలేదు. లైసెన్సు తమంతట తాము తిరిగిచ్చే పద్ధతి 1998 నుంచే ఉంది. ఇచ్చినవాళ్లకు చాలా ఊళ్లలో బస్సు చార్జీల్లో రాయితీలిస్తారు.

డెన్మార్క్ కథ ఇంకా ముఖ్యం. 70 దాటినవాళ్లకు అక్కడ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. దాని ఫలితం మీద 2012లో వచ్చిన పరిశోధన ఏం తేల్చిందంటే, పెద్ద డ్రైవర్లు చిక్కుకున్న, ప్రాణాలు పోయే ప్రమాదాలు తగ్గలేదు, పైగా నడుస్తూనో సైకిలు మీదో వెళ్తూ చనిపోయిన పెద్దవాళ్లు పెరిగారు. కారు దిగిన మనిషి ఇంట్లో కూర్చోడు కదా, రోడ్డు మీదికే వస్తాడు, ఈసారి చుట్టూ రేకు కూడా లేకుండా.

మన దగ్గర ఆ రేకు మొదటి నుంచీ లేదు. మా వైపు పెద్ద వయసు డ్రైవరు అంటే కారులో కూర్చున్న మనిషి కాదు. ముందు గడ్డిమోపు, వెనక ఎరువు మూట పెట్టుకుని ఎక్సెల్ మీద పోయే రైతు. అందులో ఎంతమందికి అసలు లైసెన్సే ఉందో మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లైసెన్సు రద్దు చేస్తామంటే దెబ్బ తగిలేది పద్ధతిగా రెన్యువల్ చేయించుకునే మా నాయన లాంటివాళ్లకే.

బస్సులున్నాయి కదా అంటారు. 2025 ఆగస్టు 15 నుంచి మా అమ్మకు పల్లెవెలుగులో టికెట్టే లేదు. మా నాయనకు పెద్దవాళ్ల రాయితీ పోను టికెట్టు. డబ్బు సంగతి కాదు, ఆ బస్సు తోట దగ్గర ఆగదు, మోటారు కరెంటు వచ్చే వేళకు రాదు. కొడుకులున్నారు కదా అన్న మాటకు జవాబు నేనే: నేను షాపు వదిలి రోజుకు రెండుసార్లు పోలేను.

ఏటా టెస్టు అంటారా? ఎనిమిది వేయించడమే టెస్టు. నలభై అయిదేళ్లు బండి తొక్కిన మనిషి ఎనిమిది కళ్లు మూసుకుని వేస్తాడు. చిక్కంతా అక్కడే, ఆ టెస్టు చూపును పట్టుకోదు.

ఇదంతా రాశాక పోయిన ఆదివారం ఇంటి ముందు నేనే ఆ పరీక్ష పెట్టా. 25 మీటర్లంటే నా అడుగులతో ముప్పయి మూడు. పొద్దున పదికి పక్కింటివాళ్ల కారు నంబరు మా నాయన తడుముకోకుండా చదివాడు. సాయంత్రం వీధిలైట్లు వెలిగాక మళ్లీ నిలబెట్టా. మొదటి రెండు అక్షరాలు అన్నిటికీ ఒకటే కాబట్టి చెప్పేశాడు. అంకెల దగ్గర ఆగిపోయాడు. కుడి కన్ను మూసి చూశాడు, ఎడమ కన్ను మూసి చూశాడు.

"ఈ నంబరు రుద్దిపోయిందిలేప్పా" అన్నాడు.

నంబరు కొత్తదే. గురువారం కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాం. అంతవరకు పొద్దుగూకాక బండి తాళం అమ్మ కొంగున ఉంటుంది.