మన ఉత్తరం మన గుమ్మంలోకే

కోనసీమలో ప్రతి ఇంటికీ ఒక సొంత పోస్టాఫీసు ఉండి తీరాలి. ఎర్రడబ్బా, ముద్దర, సైకిలు ఉండే పోస్టాఫీసు గురించి కాదు నేను మాట్లాడేది. కంప్యూటర్ లోపల ఉండే పోస్టాఫీసు గురించి. వచ్చిన ఈ-మెయిల్‌ని పట్టుకుని ఎవరి అరలో పడెయ్యాలో తేల్చే ప్రోగ్రాములున్నాయి, లోకల్ డెలివరీ ఏజెంట్లంటారు వాటిని. కోటిపల్లి–నరసాపురం రైలు అడిగాం, అడుగుతూనే ఉన్నాం. వంతెనలు అడిగాం. ఈ ఏజెంట్ల ఊసు మాత్రం ఇంతవరకూ ఒక్క మేనిఫెస్టోలోనూ కనపడలేదు. డెల్టా వెనకబాటుకి అసలు కారణాలు ఇలాంటి చోట్లే ఉంటాయి.

మా మండలంలో ఈ ఉద్యమానికి ఆద్యులు మా బావగారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. కొడుకు బెంగళూరు వెళ్తూ వదిలేసిన పాత కంప్యూటర్‌లో ఎవరో కుర్రాడి చేత లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకున్నారు. ఫోన్‌లో మెయిల్ శుభ్రంగా వస్తుండగా ఇదంతా ఎందుకండీ బావగారూ, అన్నాను.

"ఎవడిదో అరుగు మీద కూచుని మన ఉత్తరం మనం చదువుకోవడం ఏంట్రా? పైగా చదివేసి అక్కడే వదిలేసి రావడం! మన ఉత్తరం మన గుమ్మంలోకి రావాలా వద్దా?"

రావాలనే అన్నాను. ఆయన వరసకి బావగారు, పైగా అప్పటికింకా భోజనాలు కాలేదు.

ఆయన ఈ విద్యని కాలవ భాషలోనే అర్థం చేసుకున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేశాడు, నిజమే. ఆనకట్ట దగ్గర నీళ్ళుంటే చేను తడుస్తుందా? పెద్దకాలవ తేవాలి, పిల్లకాలవ పంచాలి, ఆఖర్న లస్కరు వచ్చి తూము తలుపెత్తి ఎవరి బోదెలోకి ఎంతో వదలాలి. మెయిల్ కంపెనీ వాడి సర్వర్ ఆనకట్ట అనుకుంటే, అక్కణ్ణించి ఉత్తరాలు లాక్కొచ్చే ఫెచ్‌మెయిల్ కాలవ, ఇంట్లో పంచిపెట్టే ప్రాక్‌మెయిల్ లస్కరు. తూము దగ్గర లస్కరుకి ఎంత అధికారం ఉంటుందో శివారు రైతుకి చెప్పక్కర్లేదు. బావగారు జీవితమంతా లస్కర్ల మీద అజమాయిషీ చేశారు గాని, లస్కరు చెయ్యలేదన్న వెలితి లోపల్లోపల ఉండిపోయినట్టుంది.

ప్రాక్‌మెయిల్‌ని ఎంచుకోవడంలో కూడా ఆయన శాఖానుభవం కనిపిస్తుంది. 1990లో స్టీఫెన్ వాన్ డెన్ బెర్గ్ అనే ఆయన రాసిన ప్రోగ్రాం అది. 2001లో 3.22 వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కొత్త వెర్షనే లేదు. 2014లో దాని ఆలనాపాలనా చూసే పెద్దమనిషే ఇక దీన్ని తీసెయ్యండి బాబూ అన్నాడు. 2022లో మళ్ళీ లేచి కూర్చుంది. రెండు దశాబ్దాలు పెద్ద మరమ్మతు లేకుండా పనిచేసిందంటే మా లాకుల తలుపులకి స్వయానా చుట్టమే అయ్యుండాలని బావగారు తీర్మానించారు.

పోస్ట్‌ఫిక్స్ అనే, ఉత్తరాలు పంపే ఇంకో ప్రోగ్రాం పెట్టేటప్పుడు తెర మీద అయిదు రకాలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. అందులో ఒకటి 'లోకల్ ఓన్లీ'. ఆత్మగౌరవం ఉన్నవాడు మిగతా నాలుగూ చదువుతాడా? ఎంటర్ కొట్టేశారు. ఆ వెంటనే మీ మెయిల్ వ్యవస్థ పేరేమిటని అడిగితే ఊరి పేరు ఇచ్చారు, పంచాయతీ తీర్మానం కూడా లేకుండా. పాస్‌వర్డ్ రాసిపెట్టుకునే ఫైలు ఇంకెవరైనా చదవగలిగేలా ఉంటే ఫెచ్‌మెయిల్ పనిచెయ్యనని మొరాయిస్తుంది. ఇంట్లో ఉన్నదల్లా బావగారూ, మా అక్కయ్యా. ఆ గది గుమ్మం తొక్కే ఓపిక అక్కయ్యకి లేదు. అయినా రహస్యం రహస్యమే కదా అని ఫైలుకి తాళం వేశారు.

ప్రతి అయిదు నిమిషాలకీ ఫెచ్‌మెయిల్‌ని నిద్రలేపమని, వేళకి పనులు చేయించే క్రాన్ అనే ప్రోగ్రాం‌కి ఆర్డరు వేశారు. ఆ ఆర్డర్లో స్పెల్లింగు రెండక్షరాలు అటూఇటూ అయ్యాయి. అలాంటి ప్రోగ్రాం ఇక్కడెక్కడా లేదు మహాప్రభో అని క్రాన్ ఒక ఉత్తరం రాసింది. అయిదు నిమిషాలాగి ఇంకోటి రాసింది. గంటకి పన్నెండు, రోజుకి 288. బయట్నించి ఒక్కటీ రాలేదు, కంప్యూటరే తన గోడు తనకే రాసుకుంటోంది, లస్కరు ఒక్కటీ పొల్లుపోకుండా అరలో సర్దుతున్నాడు. బావగారి మొహం వెలిగిపోయింది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇంత టపా ఎప్పుడూ చూళ్ళేదట.

స్పెల్లింగు సరిచేశాక రూల్సు మొదలయ్యాయి. ఒక కోలను, ఒక సున్నా, కావాలంటే ఇంకో కోలను. కింద నక్షత్రం గుర్తు పెట్టి షరతు. దాని కింద అర పేరు. అంతే రూలు. కరెంటు బిల్లులకో అర, కొబ్బరి రేట్లకో అర, అల్లుళ్ళిద్దరికీ చెరో అర. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే ప్రాక్‌మెయిల్ పైనుంచి కిందకి చదువుకుంటూ పోయి, మొదట కుదిరిన రూలు దగ్గర ఉత్తరం పడేసి చేతులు దులుపుకుంటుంది. చిన్నల్లుడు సంక్రాంతి ప్రయాణం గురించి రాసి పెద్దల్లుడికి కాపీ పెట్టాడు. చిన్నల్లుడి రూలు పైనుంది, ఉత్తరం అతని అరలోకే పోయింది. అంతవరకూ ఆ గదిలోకి తొంగిచూడని అక్కయ్య మొదటిసారి లోపలికొచ్చింది. "పెద్దల్లుడి పేరు కిందెలా పెడతారండీ? రేపు వాళ్ళమ్మగారికి తెలిస్తే?" కంప్యూటర్‌కి వరసలు తెలియవంటే ఆవిడ వినలేదు. వినక్కర్లేదు కూడా, ఎందుకంటే వరసలు తెలిసిన అక్షరం ఒకటి ప్రాక్‌మెయిల్‌లో నిజంగానే ఉంది. సున్నా పక్కన చిన్న సీ పెడితే ఉత్తరానికి ప్రతి తీసి ఈ అరలో వేసి, అసలుని ముందుకి పంపుతుంది. ఇద్దరల్లుళ్ళకీ సమాన మర్యాద జరిగింది. మూడో అల్లుడున్న ఇళ్ళవాళ్ళు గమనించగలరు.

ఆఖర్న చెత్త రూలు. రాయడం ఆఖర్న రాసినా పెట్టడం అన్నిటికన్నా పైన పెట్టారు, ముందు మురుగు పోతేనే పారుదల అన్న సిద్ధాంతం కొద్దీ. కొన్ని ఉత్తరాల సబ్జెక్టులో సమానం గుర్తు, ప్రశ్నార్థకం, యూటీఎఫ్-8, ఆ పక్కన నోరు తిరగని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన కిచిడీ కనిపించింది బావగారికి. ఇదేదో దొంగ సరుకని, ఆ గుర్తులతో సబ్జెక్టు మొదలైన ప్రతి ఉత్తరాన్నీ, పడింది మళ్ళీ దొరకని గొయ్యి డెవ్ నల్‌లోకి తోయమని రూలు రాశారు. మురుగు కాలవకి చివర సముద్రమైనా ఉంటుంది. డెవ్ నల్‌కి అదీ లేదు. పైగా 'కీప్' అన్న మాట రాయలేదు కాబట్టి ఫెచ్‌మెయిల్ తెచ్చినదాన్ని తెచ్చినట్టు అక్కడ సర్వర్లో చెరిపేస్తోంది.

విషయం ఏమిటంటే, ఆ దొంగ సరుకు తెలుగు. 1982 నాటి మెయిల్ ప్రమాణాల్లో ఉత్తరం పైభాగాన ఇంగ్లీషు అక్షరాలకే చోటుంది. మిగతా ప్రపంచ భాషలన్నీ ఇంగ్లీషు వేషం కట్టుకుని ఆ గుమ్మం దాటాలి. ఆ వేషం ఎలా కట్టాలో 1996 నాటి ప్రమాణం చెబుతుంది, చదివేటప్పుడు మెయిల్ ప్రోగ్రాం దాన్ని విప్పి చూపిస్తుంది. ప్రాక్‌మెయిల్‌కి విప్పడం రాదు. 'శుభలేఖ' అని రాసినా, 'దశదిన కర్మ' అని రాసినా దానికి ఒకటే కిచిడీ. ఇంగ్లీషులోనే రాసి చివర ఓ నవ్వుబొమ్మ పెట్టినవాళ్ళు కూడా కొందరు ఈ ఖాతాలోనే పోయారు.

దీనికి బావగారిని తప్పుపట్టడం అన్యాయం. తెలుగు మనకి అధికార భాష అయింది 1966లో. ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని తెలుగు అర్జీలు ఎటు పోయాయో ఎవరి దగ్గరైనా లాగ్ ఉందా? బావగారి దగ్గర ఉంది. పారేసిన ప్రతి ఉత్తరానికీ పంపినవారి చిరునామా, ఏ అరలోకి పోయిందో ఆ అర పేరు, పక్కన ఎన్ని బైట్లో తూకం. మా పిన్ని ఫోన్ చేసి, శుభలేఖ పంపాను, అందిందా లేదా, పెళ్ళికి రాలేదేమని నిష్ఠూరమాడితే, బావగారు కళ్ళజోడు పెట్టుకుని లాగ్ తీసి చూసి, "అందిందండీ అత్తయ్యగారూ, ఫలానా తారీకున డెవ్ నల్‌లో వేశాం, తూకం కూడా ఉంది, ఆయ్" అన్నారు. ఇంత జవాబుదారీతనం ఏ శాఖ చూపించింది?

రూలు మారుద్దామా అన్నాను. రూలు ఎందుకు మారాలి, బంధువులే మారాలన్నారు. ఇకమీదట సబ్జెక్టు ఇంగ్లీషులోనే రాయవలసిందని చుట్టాలందరికీ ఒక సర్క్యులర్, చక్కటి తెలుగులో, రాత్రి పదింటిదాకా కూచుని టైపు చేశారు. పంపారు. లోకల్ ఓన్లీ కదా, పోస్ట్‌ఫిక్స్ దాన్ని ఊరి పొలిమేర దాటించకుండా అక్కడికక్కడే తిప్పికొట్టింది. మెయిలర్ డీమన్ అన్న సంతకంతో, 'అన్‌డెలివర్డ్ మెయిల్ రిటర్న్‌డ్ టు సెండర్' అన్న సబ్జెక్టుతో, కింద చుట్టాలందరి అడ్రసులూ వరసగా. సబ్జెక్టు ఇంగ్లీషులో ఉండటంతో చెత్త రూలు దాన్ని ముట్టుకోలేదు.

"చూసేవా," అన్నారు బావగారు, "క్షణంలో వచ్చేసింది!"